రొయ్యల జాతులను గుర్తించుట

గడచిన వర్షకాలమున తొమ్మిదవ తరగతి జీవశాస్త్ర పాఠమునకై మేము బజారునుండి ఒక తట్టెడు రొయ్యలను తెప్పించి బల్లమీద పరపించితిమి. అందరును ఎరిగిన వస్తువే గదా, పాఠము సులభముగా ముగియు ననుకొంటిమి. వాటిలో వేలెడు పొడవుగల బూడిదవన్నె రొయ్య నొకదానిని చేతబట్టి, ఇది టైగరు రొయ్య పిల్ల యని చెప్పి, ఆ మాటనే నల్లబల్లమీద వ్రాసితిమి. వెనుక బెంచీనుండి ఒక బాలుడు లేచి, "అది పిల్ల కాదండీ, దాని యెదుగుదలే అంత. ముల్లు క్రింద పండ్లు చూడండి" అనెను. అతని తండ్రి వల వేయువాడు. చూచితిమి, క్రింది పండ్లు లేవు. వ్రాసినది తుడిచివేసితిమి. ఆనాటి మా పొరపాటే ఈ వ్యాసమునకు కారణము.

మేము మోసపోయినది రంగువలన. రంగు రొయ్యకు స్థిరమైన గుర్తు కాదు. ఒకే టైగరు రొయ్య నీటినిబట్టియు, అడుగు నేలనుబట్టియు, మేతనుబట్టియు ఒకచోట పచ్చగను, ఒకచోట గోధుమవన్నెగను, వేరొకచోట ఎర్రగను కనబడును. మంచులో నిలువయుంచిన పిమ్మట చారలు మాసిపోవును. ఇక పొయ్యిమీద పెట్టినచో సమస్తజాతులును ఎర్రబడవలసినదే. రొయ్య పెంకులోని ఎర్రని వర్ణపదార్థము ఒక మాంసకృత్తుతో ముడివడియుండుటచే బ్రతికియున్నప్పుడు నీలముగనో ఊదాగనో తోచును; వేడిచే ఆ ముడి వీడగా నిజమైన ఎరుపు పైకి వచ్చును. కావున కూరలోని రొయ్యనుబట్టి జాతిని చెప్పువారిని నమ్మనక్కరలేదు.

మరి దేనిని చూడవలెను? ముందుగా అది సముద్రజాతియో నదీజాతియో తేల్చుకొనవలెను. రొయ్య తలపెంకునకు వెనుక ఆరు కట్లు వరుసగా నుండును. రెండవ కట్టును ప్రక్కనుండి చూడుడు. దాని అంచు ముందున్న మొదటి కట్టుమీదను, వెనుకనున్న మూడవ కట్టుమీదను కూడ కప్పియున్నయెడల అది నదీరొయ్య. మొదటి కట్టే రెండవదానిని కప్పియున్నచో అది సముద్రపు రొయ్య. ఇంటి పైకప్పున పెంకులు ఒకదానిపై నొకటి ఒరగియుండు తీరును చూచినవారికి ఇది వెంటనే పట్టువడును. కాళ్లవలనను తెలియవచ్చును: సముద్రపు రొయ్యకు ముందరి మూడు జతల కాళ్లకు చిన్న గిట్టెలుండును, నదీరొయ్యకు రెండు జతలకే గిట్టెలుండి, అందు రెండవ జత మిక్కిలి పొడుగై బలిసియుండును. నీలకంఠ రొయ్యలో పెద్ద మగదాని నీలపు చేతులను చూడనివారు మన డెల్టాలో అరుదు.

సముద్రజాతుల నడుమ భేదమునకు కన్నుల నడుమనుండి ముందునకు పొడుచుకొనివచ్చిన ముల్లే ఆధారము. అది రెండంచులను పండ్లు గల రంపము. టైగరు రొయ్యకు సాధారణముగా పైన 7 లేక 8, క్రింద 3 పండ్లుండును. తెల్లరొయ్యకు క్రింద 4 మొదలు 6 వరకు ఉండును. వనామి మన సముద్రపుది కాదు. మెక్సికో మొదలు పెరూ వరకు గల పసిఫిక్ తీరము దాని జన్మస్థానము. 2009లో అనుమతి వచ్చినపిమ్మట మన చెరువులలో విస్తరించినది. దానికి క్రింద తరచుగా 2 పండ్లే యుండును. కాని 4 వరకు ఉండుటయు కలదు గనుక ఒక్కదానిని చూచి తీర్పు చెప్పరాదు, పదింటినైనను లెక్కింపవలెను. క్రింది యంచున పండ్లు బొత్తిగా లేనివి వేరొక తెగకు చెందిన చిన్నరొయ్యలు. మా చేత పిల్ల యనిపించుకొన్నది అదియే. టైగరు రొయ్యలో ఆడది ఒక యడుగు వరకు పెరుగగలదు గాన, దాని పిల్లలను చిన్నజాతి యనుకొని పట్టుటయు, చిన్నజాతిని పిల్లలనుకొని విడుచుటయు రెండును నష్టమే.

నదీరొయ్య విషయమున మరియొక గుర్తు కలదు. మేము దీనిని అన్నిటికంటె ముఖ్యముగా నెంచుచున్నాము. టైగరు, తెల్లరొయ్య, వనామి తమ గ్రుడ్లను నీటిలోనికి విడిచివేయును. నదీరొయ్య యట్లు గాక, గ్రుడ్లను పొట్టక్రింద ఈతకాళ్లకు అంటించుకొని మూడు వారముల వరకు మోయును. కావున పొట్టక్రింద గ్రుడ్ల గుత్తి కనబడినచో అది నదీజాతి యని సందేహములేక చెప్పవచ్చును. ఆ గ్రుడ్లు మొదట నారింజవన్నెగ నుండి, పొదుగు దినము సమీపించిన కొలది బూడిదవన్నెకు తిరుగును. నీలకంఠ రొయ్య పెద్దదైనచో అవి పదుల వేలుండును. ఆ పిల్లలు మంచినీట ఎదుగజాలవు; కొంత ఉప్పు కలిసిన నీరు కావలెను. అందుచే తల్లి ఏటివాలున మొగవైపు దిగివచ్చును. పిల్లలు కొంత పెరిగి మరల ఎగువకు పోవును. ధవళేశ్వరమున 1852లో ముగిసిన ఆనకట్టయు, తరువాత దాని స్థానమున లేచిన బరాజును ఆ దారికి అడ్డముగా నున్నవి. దిగివచ్చు తల్లులనే మనము వలలో పట్టుచున్నాము.

మా తట్టలో అట్టి తల్లి యొకటి కనబడెను. గ్రుడ్లు బూడిదవన్నెవి. తడిగోనె క్రింద నుండుటచే ఇంకను కాళ్లాడించుచుండెను. కొందరు బాలురు దానిని కొలతకై ఉంచుమనిరి. మా పొరపాటు దిద్దిన బాలుడు మాత్రము, సాయంకాలము తండ్రి నావ మొగవైపు పోవుననియు, బకెట్టుతో ఇచ్చినచో తీసికొనిపోదుననియు అడిగెను. తూనికయైనను చూడకయే ఇచ్చితిమి. మరునాడు బకెట్టు తిరిగి వచ్చెను. అడుగున కొంచెము ఉప్పునీరు మిగిలియుండెను.