బెత్తం మోసుకొచ్చిన సేనాని

తప్పు ఒప్పుకోవడానికి మన దగ్గర మాటలకు కొదవ లేదు. ‘ఏదో పొరపాటైపోయింది’, ‘మనసులో పెట్టుకోకండి’, ‘మిమ్మల్ని బాధపెట్టి ఉంటే సారీ’. ఈ మూడింటినీ ఒకసారి పట్టి చూడండి. మొదటి దాంట్లో పొరపాటు దానంతటదే అయిపోయింది, చేసిన మనిషే లేడు. రెండో దాంట్లో మరచిపోయే పని అవతలివాళ్ల నెత్తిన పెట్టేశాం. మూడో దాంట్లో వాళ్లకు బాధ కలిగిందన్న సంగతే మనకు అనుమానం. ఇలాంటి మాటలతో విరిగిన మనసు అతకలేదంటే ఆ తప్పు విన్నవాళ్లది కాదు.

చైనా భాషలో ‘ఫు జింగ్ ఛింగ్ జ్వే’ అని ఒక జాతీయం ఉంది. ఇలాంటి నాలుగక్షరాల పలుకుబడులను వాళ్లు ‘ఛంగ్‌యూ’ అంటారు. చాలావాటి వెనక ఏదో ఒక పాత కథ దాగి ఉంటుంది. ‘ఫు’ అంటే వీపున మోయడం, ‘జింగ్’ అంటే ఒక పొద, ‘ఛింగ్’ అంటే వేడుకోవడం, ‘జ్వే’ అంటే నేరం, దానికి పడే శిక్ష. వేడుకునేది శిక్షను. క్షమించమన్న మాట ఆ నాలుగక్షరాల్లో ఎక్కడా లేదు.

ఇంగ్లిషు అనువాదాల్లో ‘జింగ్’ను ముళ్లు అని రాయడం మామూలు. నిజానికి అది వావిలి జాతి పొద. మన ఇళ్లలో బాలింత స్నానానికి నీళ్లలో వేసి కాచే వావిలాకుకు దగ్గరి చుట్టం. దాని సన్నటి కొమ్మలను పాత చైనాలో నేరస్థులను కొట్టే బెత్తాలుగా వాడేవారు. కాబట్టి ఈ జాతీయంలోని మనిషి తనను కొట్టాల్సిన బెత్తాన్ని తానే మోసుకెళుతున్నాడు.

ఆ మనిషి పేరు లియన్ పో. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో జావ్ రాజ్యానికి సేనాని. రాజధాని హాన్‌దాన్, ఇప్పటి హెబెయ్ రాష్ట్రంలో ఉంది. పడమటి దిక్కున ఛిన్ రాజ్యం నానాటికీ బలిసి, చుట్టుపక్కల రాజ్యాలను భయపెడుతున్న కాలం అది. ఛిన్ రాజు కన్ను జావ్ రాజు దగ్గరున్న అపురూపమైన పచ్చరాయి మీద పడింది. దానికి బదులుగా 15 నగరాలు ఇస్తానని కబురు పంపాడు. ఇచ్చే ఉద్దేశం లేదని అందరికీ తెలుసు, కాదనే ధైర్యం ఎవరికీ లేదు. అప్పుడు రాయిని తీసుకుని వెళ్లినవాడు లిన్ షియాంగ్రూ, ఒక కొలువు అధికారి పంచన బతుకుతున్న సామాన్యుడు. ఛిన్ రాజు మోసం పసిగట్టి, రాయిలో చిన్న లోపం ఉంది చూపిస్తానని వెనక్కి తీసుకున్నాడు. స్తంభానికి ఆనుకుని నిలబడి, బలవంతం చేస్తే రాయినీ నా తలనూ కలిపి ఈ స్తంభానికేసి బద్దలుకొడతానన్నాడు. రాయి భద్రంగా ఇల్లు చేరింది. క్రీస్తు పూర్వం 279లో మియన్‌చి దగ్గర రాజులిద్దరూ కలిసినప్పుడు కూడా తన రాజు పరువు నిలిపింది అతనే. తిరిగొచ్చాక రాజు అతన్ని సేనాని కంటే పై మెట్టున కూర్చోబెట్టాడు.

లియన్ పో రగిలిపోయాడు. కోటలు ముట్టడించి, యుద్ధాలు గెలిచి నేను సంపాదించిన చోటు కంటే నోరున్నవాడికి పెద్ద చోటా, అందులోనూ నీచపు పుట్టుకవాడికా, కనబడితే అవమానిస్తానని బాహాటంగానే అన్నాడు. మాట చెవిన పడ్డాక షియాంగ్రూ ఒంట్లో బాగాలేదని చెప్పి కొలువుకు వెళ్లడం తగ్గించాడు. వీధిలో సేనాని దూరాన కనబడితే రథం పక్కకు తిప్పించేవాడు. ఆ పిరికితనం చూడలేక అనుచరులు మానేసి వెళ్లిపోతామన్నారు. అతను అడిగాడు: ఛిన్ రాజు కంటే సేనాని భయంకరుడా? ఆ రాజునే నిండు కొలువులో గద్దించినవాణ్ని, ఇతనికి భయపడతానా? ఛిన్ మన మీదికి రాకపోవడానికి కారణం మేమిద్దరం ఉండటం. రెండు పులులు కొట్లాడుకుంటే రెండూ మిగలవు.

ఈ మాట సేనాని దాకా వెళ్లింది. లియన్ పో భుజం మీది వస్త్రం తీసేసి, వీపుకు బెత్తాలు కట్టుకుని, ఒక పరిచయస్థుడి ద్వారా షియాంగ్రూ గుమ్మం ముందుకు వచ్చాడు.

చరిత్రకారుడు సిమా ఛియెన్ తన ‘షీజీ’ 81వ అధ్యాయంలో ఈ కథ రాశాడు. అధ్యాయం చివర తన అభిప్రాయం చెబుతూ షియాంగ్రూనే మెచ్చుకున్నాడు. నాకు మాత్రం లియన్ పో చేసిందే కష్టమైన పని అనిపిస్తుంది. అవమానాన్ని మింగి ఊరుకున్న షియాంగ్రూకు, తాను సరైన దారిలో ఉన్నానన్న ధైర్యమైనా తోడుంది. ఇన్నాళ్లు తాను గట్టిగా నమ్మిందే తప్పని తెలిసిన లియన్ పోకు ఆ తోడు కూడా లేదు.

అతను గుమ్మం ముందు ఏమన్నాడన్నది ఇంకా విలువైంది. నేను నీచుణ్ని, మీ మనసు ఇంత విశాలమని ఎరుగను అన్నాడు. చైనా మూలంలో, కోపంలో షియాంగ్రూను కించపరచడానికి వాడిన అక్షరం, ఇప్పుడు తనను గురించి చెప్పుకున్న మాటలోని అక్షరం ఒకటే: ‘జియెన్’, నీచమని. ఎదుటివాడి మీదికి విసిరిన రాయిని తానే వెళ్లి ఏరుకుని తన మీద వేసుకున్నాడు. అప్పటి నా పరిస్థితి అలాంటిది, నన్ను కూడా అర్థం చేసుకోవాలి కదా అని ఒక్క ముక్క కలపలేదు. తన యుద్ధాల ఊసెత్తలేదు. షియాంగ్రూ బెత్తం అందుకున్నాడని సిమా ఛియెన్ రాయలేదు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు మెడ కోసుకునేంత స్నేహితులయ్యారని రాశాడు. ఆ స్నేహానికీ చైనాలో ఒక జాతీయం పుట్టింది.

చాలా శతాబ్దాల తర్వాత వచ్చిన ‘వాటర్ మార్జిన్’ నవలలో లీ క్వే అనే మొరటు వీరుడు ఇదే పని చేస్తాడు. తన నాయకుడే ఒక పిల్లను ఎత్తుకుపోయాడని నమ్మి నానా రభస చేస్తాడు. అది నాయకుడి పేరు వాడుకున్న దొంగల పని అని తేలాక బెత్తాలు కట్టుకుని వస్తాడు. నాయకుడు కొట్టడు, వెళ్లి ఆ దొంగలను పట్టి పిల్లను విడిపించుకుని రమ్మంటాడు. నాకు ఈ ముగింపు చాలా ఇష్టం. శిక్ష అడిగినవాడికి దక్కిందల్లా తన తప్పును దిద్దుకునే పని.

నేటి చైనాలో ఈ జాతీయం అలంకారంగానే బతికి ఉంది. తప్పు తనదేనని తెలిసి, ఎదుటి మనిషి దగ్గరికి స్వయంగా వెళ్లి తలవంచినవాణ్ని గురించి ఆ నాలుగక్షరాలూ వాడతారు. పెకింగ్ ఒపేరాలో ‘జియాంగ్ షియాంగ్ హ’ అనే నాటకం ఈ ఇద్దరి కథే. హాన్‌దాన్‌లో షియాంగ్రూ రథం తిప్పుకున్న చోటని చెప్పే సందు ఇప్పటికీ ఉంది.

మనం తరచు చేసేది లియన్ పో చేసినదానికి తలకిందులు. నలుగురిలో తిడతాం, నాలుగు గోడల మధ్య సారీ చెబుతాం. భార్యను చుట్టాల ముందు చులకన చేసినవాడు పడకగదిలో బతిమాలుతాడు. మీటింగులో జూనియర్ పరువు తీసిన అధికారి సాయంత్రం వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మ పంపుతాడు. కొడుకును పక్కింటి పిల్లాడితో పోల్చి అందరి ఎదుటా కించపరచిన తండ్రి ఆ మాత్రం కూడా చెప్పడు, మర్నాడు బిర్యానీ తెప్పిస్తాడు. లియన్ పో అవమానిస్తానని అన్నది బాహాటంగా. వెళ్లిందీ అలాగే, వెంట ఒక మనిషిని పెట్టుకుని, అందరికీ కనబడేలా, భుజం విప్పుకుని.

ఇది చదువుతుండగా మీకు ఎవరో ఒకరు గుర్తొచ్చే ఉంటారు. వాళ్ల దగ్గరికి వెళ్లండి. మీరన్న మాటనే, మెత్తబరచకుండా, తప్పని చెప్పండి. నేనేం చేయాలో మీరే చెప్పండి అని అడగండి. ఆ మాట పదిమందిలో అన్నదైతే, ఆ పదిమందీ ఉన్నప్పుడే వెళ్లండి.