చిన్నపడవలు – సముద్రమున ఆకస్మిక ప్రమాదములు

తీరగ్రామముల పంచాయతీ సభ్యులకు సముద్రమును గూర్చి క్రొత్తగా చెప్పవలసినది లేదు. అయినను, తుపానులను గూర్చి మనము చర్చించినంతగా, ఎండ కాయుచున్న దినమున ఒడ్డుకు కనుచూపు మేరలోనే సంభవించు ప్రమాదములను గూర్చి చర్చించుట లేదు. తెప్పయైనను, ఫైబరు పడవయైనను బోర్లపడుటకు అలలు విరుగు చోటును, ఏటి మొగయును మిక్కిలి అనువైన తావులు.

మొగవద్ద ఇసుక మేటవేసి లోతు తక్కువగా నుండును. పాటు వేళ ఏటినీరు వడిగా సముద్రములోనికి దిగుచుండగా, ఎదురు వచ్చు కెరటములు దానిని తాకి నిటారుగా లేచి విరుగును. ఉదయము సులువుగా దాటిన మొగయే కొన్ని గంటలకు భయంకరమగుటకు కారణమిదియే. కావున పోటు నిండుచున్న వేళ దాటుట మేలు. దాటుటకు ముందు కొంతసేపాగి అలల వరుసను గమనింపవలెను. పెద్ద కెరటములు గుంపుగా వచ్చిన పిమ్మట కొంత తెరపి లభించును. పడవను అలకు అడ్డముగా తిరుగనీయరాదు. ఒడ్డుకు వచ్చునపుడు వెనుకటి అల పడవను ముందునకు త్రోసి ప్రక్కకు త్రిప్పివేయును. అప్పుడు త్రాటికి కట్టిన బకెట్టును పడవ వెనుక నీటిలో ఈడ్చినచో వేగము తగ్గును. మోటారున్నచో త్రాడు పంకాకు చుట్టుకొనకుండ చూచుకొనవలెను.

పడవ బోర్లపడెనేని దానిని వదలరాదు. ఒడ్డు కనబడుచున్నదను ధైర్యముతో ఈదబోయినవాడు, ప్రవాహము ఎదురైనచో, ఎంత బలశాలియైనను అలసిపోవును. వెదకువారికి నీటిలోని తలకంటె తేలుచున్న పడవ దూరమునుండియే కనబడును. పట్టుకొనుటకు వీలుగా పడవ అంచు పొడవునను త్రాడు బిగించియుంచవలెను. మంచి ఈతగాండ్రే లైఫ్ జాకెట్టును చులకన చేయుట విచిత్రము. ఇంటిలో మేకునకు వ్రేలాడు జాకెట్టు ఎవరిని కాపాడును?

నడిసముద్రమున యంత్రము ఆగిపోయినచో, వలముద్దను పొడుగాటి త్రాటితో ముందుభాగమునుండి నీటిలోనికి విడువవలెను. పడవ ముఖము గాలికెదురుగా నిలుచును, కొట్టుకొనిపోవుటయు తగ్గును. దాహమెంతయైనను ఉప్పునీరు త్రాగరాదు; అది దాహమును పెంచును.

ఇక పంచాయతీ చేయదగిన పని. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో వేటకు పోయిన మత్స్యకారులు అనేకులు తిరిగి రాలేదు. ఇట్టి సమయమున ఎవరెవరు బయలుదేరిరో తెలియనిదే వెదకుట యెట్లు? పడవలు దిగు రేవున, వలలు బాగుచేయు పాకలోనైనను సరే, ఒక పుస్తకముంచవలెను. పడవ రంగు, మనుష్యుల పేర్లు, పోవు దిక్కు, తిరిగివచ్చు వేళ అందు వ్రాయింపవలెను. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము తెలుపు అలల ఎత్తును, గాలి వేగమును ప్రక్కనే పలకపై వ్రాయుట మంచిది. గడువు దాటిన పడవకై మరునాటి వరకు వేచియుండక, 1554 సంఖ్యకు ఫోనుచేసి తీరరక్షక దళమునకు ఆ పుస్తకములోని వివరములను చదివి వినిపింపవలెను.