బతా దుకాణపు అద్దం నుంచి దయ్యాల బొమ్మయింటి దాకా

శుక్రవారం సాయంకాలం రియాద్ నగరంలోని బతాకు వెళ్ళడం ఇక్కడి తెలుగు కుటుంబాలలో చాలామందికి అలవాటు. కరివేపాకు కోసమో, బట్టల కోసమో, ఊరివాళ్ళెవరైనా కనిపిస్తారన్న ఆశతోనో బయలుదేరుతాము. కొన్నేళ్ళ క్రితం అలాగే వెళ్ళినప్పుడు నమాజు వేళ అయింది. దుకాణంవారు తలుపు మూసి, లోపలి దీపాలు తగ్గించారు. మేము బయట వీధిదీపం కింద నిలబడ్డాము. అప్పుడు ఏడేళ్ళ మా అబ్బాయి అద్దం వైపు చూసి, "నాన్నా! ఆ చొక్కా నేను వేసుకున్నాను!" అని కేక వేశాడు. లోపల తలలేని బొమ్మకు తొడిగిన చొక్కాపైన వాడి ముఖం సరిగ్గా అమరి కనిపిస్తున్నది. మళ్ళీ దీపాలు వెలిగించగానే ఆ ముఖం మాయమైంది.

ఆ క్షణంలో వాడు చూసిన విచిత్రాన్నే ఆధారం చేసుకొని జపాను దేశపు నామ్కో సంస్థ 1990లో ఒక గురి ఆటయంత్రాన్ని తయారుచేసింది. దాని పేరు 'గాలీ! గోస్ట్!'. చిత్రమూ వస్తువూ కలిసి ఆడే ఆ ఆట ఎలా పనిచేస్తుందో, అటువంటి యంత్రాలను కాపాడటం ఎందుకు కష్టమో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

గుండు లేని తుపాకి

తిరునాళ్ళలోనూ, 1938లో మొదలైన హైదరాబాదు నుమాయిష్‌లోనూ బెలూన్లకు గురిపెట్టి కొట్టే ఆట మనలో చాలామందికి తెలిసినదే. అక్కడ గురి తగిలిందని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు, బెలూను పేలుతుంది. మరి గుండే లేకపోతే తగిలిందని తెలిసేదెలా?

అమెరికాలోని సీబర్గ్ సంస్థ 1936లో 'రే-ఓ-లైట్' అనే ఆటతో దీనికి సమాధానం చెప్పింది. మీట నొక్కితే తుపాకి నుంచి గుండుకు బదులు వెలుగు వస్తుంది. కదిలే బాతుబొమ్మలో వెలుగు తగిలితే విద్యుత్తును పుట్టించే సాధనం ఉంటుంది. ఆ విద్యుత్తే "తగిలింది" అని యంత్రానికి చెబుతుంది.

టీవీ తెర వచ్చిన తరువాత ఈ పద్ధతి తలకిందులైంది. తెరే వెలుగునిస్తుంది కనుక తుపాకి ఆ వెలుగును గ్రహిస్తే చాలు. 1984లో నింటెండో ఇంటి ఆటగా విడుదల చేసిన 'డక్ హంట్' మన పిల్లలలో కొందరు ఆడే ఉంటారు. మీట నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రం తెల్లని చతురస్రం మెరుస్తుంది. తుపాకి గొట్టంలోని గ్రాహకానికి ఆ తెలుపు కనిపిస్తే బాతు పడినట్లే.

వస్తువుకు లోతు, చిత్రానికి ప్రాణం

1966లో సెగా సంస్థ తెచ్చిన 'పెరిస్కోప్' ఆటలో బొమ్మ ఓడలు నిజంగానే కదిలేవి. వాటివైపు సాగే టార్పెడోలు మాత్రం వరుసగా వెలిగే దీపాలు. 1974లో నింటెండో 'వైల్డ్ గన్‌మన్' ఆటకు 16 మిల్లీమీటర్ల సినిమా ఫిల్మును వాడింది. తెరమీది తుపాకివీరుడి కళ్ళు మెరవగానే మనం కాల్చాలి. వేళకు కాల్చితే అతడు పడిపోయే దృశ్యం వస్తుంది.

బొమ్మకు లోతు ఉంటుంది, కాని అది చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తుంది. చిత్రం ఎన్ని వేషాలైనా వేస్తుంది, కాని తెరకు అతుక్కొని ఉంటుంది. ఈ రెంటినీ ఒక్కచోట నిలపగలిగినది అద్దం. 1862లో లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్‌లో జాన్ హెన్రీ పెప్పర్ రంగస్థలం మీద దయ్యాన్ని చూపించినది వాలుగా నిలిపిన గాజుపలకతోనే. ఆ ఆలోచనకు ఆద్యుడు హెన్రీ డర్క్స్.

సాధారణ గాజు తనపై నిటారుగా పడిన వెలుగులో నూటికి సుమారు 8 వంతులు వెనక్కి పంపి, మిగిలినదానిలో చాలా భాగాన్ని తనగుండా పోనిస్తుంది. ప్రతిబింబం గాజుకు అవతల, వస్తువు ఇవతల ఎంత దూరంలో ఉన్నదో అంతే దూరంలో కనిపిస్తుంది. 'గాలీ! గోస్ట్!' పెట్టెలో నిజమైన బొమ్మయిల్లు ఉంటుంది. తెరమీది దయ్యాలు పాక్షికంగా ప్రతిఫలించే అద్దంలో పడి ఆ ఇంటిలో తిరుగుతున్నట్లు కనిపిస్తాయి. తెరపై నలుపు నుంచి వెలుగు రాదు కనుక దయ్యం చుట్టూ గదే కనిపిస్తుంది, చిత్రపు అంచులు కనిపించవు. ఇంటిలో దీపాలు ఎక్కువైతే మాత్రం, బతా దుకాణంలో మా అబ్బాయి ముఖంలాగానే, దయ్యమూ మాయమవుతుంది.

అసలు నేర్పు ఇంకొకటి ఉన్నది. ఇంటిలోని భాగాలు చిత్రంతో పాటు నిజంగానే కదులుతాయి. తెరుచుకొన్నది నిజమైన తలుపు, బయటికి వచ్చినది వెలుగు. కన్ను ఆ రెంటినీ విడదీయలేదు. 1957 నాటి 'మాయాబజార్' చిత్రంలో శశిరేఖ మూత తీసి చూసిన ప్రియదర్శిని పేటిక మనకు గుర్తు రావడం సహజం.

నకలు తీయలేనిది

ఇటువంటి ఆటలలో చిత్రభాగం సంఖ్యల రూపంలో చిప్పులలో ఉంటుంది. దానిని ఎన్ని నకళ్ళైనా తీయవచ్చును. 1997 నుంచి 'మేమ్' అనే ప్రోగ్రాము పాత ఆటలను మామూలు కంప్యూటరుపై నడిపిస్తున్నది. కాని బొమ్మయింటి తలుపుకు నకలు తీయడం సాధ్యం కాదు. దానిని గీసి చూపవచ్చును, అంతే. మోటారు అరిగినా, అద్దం పగిలినా చేతితో బాగుచేయవలసినదే. యంత్రాన్ని తుక్కుకు వేస్తే ఆటలో సగం పోయినట్లే.

ఈ సంగతి నాకు సొంత అనుభవంలోనూ తెలిసివచ్చింది. ఊళ్ళో మా పెంకుటిల్లు పడగొట్టే ముందు గదిగదినీ వీడియో తీయించాను. ఆ వీడియోకు ఇప్పుడు నాలుగు నకళ్ళున్నాయి. అయినా మా అబ్బాయి మాటిమాటికీ చేతిలోకి తీసుకొనేది నేను సంచిలో వేసుకొని తెచ్చిన వీధితలుపు గడియను. దాని బరువు వీడియోలో లేదు.

పిల్లలతో చేయదగిన ప్రయోగం

ఒక అట్టపెట్టె ముందువైపు తెరిచి, లోపల నల్లకాగితం అంటించండి. పలుచని పారదర్శక ప్లాస్టిక్ రేకు కింది అంచు పెట్టె మధ్యలో ఆనేటట్లు, పై అంచు మనవైపు వాలేటట్లు 45 డిగ్రీల కోణంలో నిలపండి. దాని కింద, మనవైపు, సెల్‌ఫోనును తెర పైకి ఉండేటట్లు పడుకోబెట్టి, నల్లని నేపథ్యంపై తెల్లని దయ్యం బొమ్మను పెట్టండి. ఫోను పైభాగం మనవైపు ఉండాలి. రేకు వెనుక, కింది అంచును ఆనించి, ఖాళీ అగ్గిపెట్టెను నిలబెట్టి, సొరుగుకు దారం కట్టండి. గదిలో దీపాలు తగ్గించి ఎదురుగా కూర్చొని చూడండి. అక్షరాలు రాసి చూస్తే అవి తిరగబడి కనిపిస్తాయి. అందువల్లనే ఇటువంటి ఆటలలో చిత్రాన్ని ముందే తిప్పి ఉంచవలసి వస్తుంది.

దయ్యం కనిపించే క్షణానికే సొరుగు తెరుచుకోవాలి. అది కొంత సాధన మీద కుదురుతుంది. ఆ దారం మాత్రం పిల్లల చేతికే ఇవ్వండి.