సోరియాసిస్, మల్టిపుల్ స్క్లెరోసిస్: వైద్యునికి చెప్పవలసిన కుటుంబ చరిత్ర

సోరియాసిస్ చర్మవ్యాధి. మోచేతులు, మోకాళ్ళు, తల మీద ఎర్రని మచ్చలు ఏర్పడి, వెండి రంగు పొలుసులు రాలుతాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ నాడీవ్యాధి, దీనిని ఎం.ఎస్. అని కూడా అంటారు. మెదడు, వెన్నుపాము, కంటినరాలలోని తంతువులను కప్పి ఉంచే మైలిన్ అనే పొర దెబ్బతిని, చూపు మసకబారడం, కాళ్ళు తిమ్మిరెక్కడం, నడక తూలడం వంటి లక్షణాలు కలుగుతాయి. పైకి పొంతన లేని ఈ రెండింటిలోనూ జరిగేది ఒకటే: కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదనే తిరగబడుతుంది. రెండూ అంటువ్యాధులు కావు. సోరియాసిస్ ఉన్నవారి పక్కన కూర్చోవడానికి జంకేవారు నేటికీ ఉన్నారు గనుక ఈ మాట మరల చెప్పవలసి వస్తున్నది.

రెండూ కుటుంబాలలో కనిపిస్తాయి. అయితే తాతల ఆస్తివలె తప్పక సంక్రమించవు. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం ఎం.ఎస్. రోగి తోబుట్టువులలో, సంతానంలో అది వచ్చేది నూటికి ఇద్దరు ముగ్గురికే. రెండు వ్యాధులతోనూ ముడిపడిన ముఖ్య జన్యువులు 6వ క్రోమోజోములోని హెచ్.ఎల్.ఎ. అనే భాగంలో ఉన్నాయి. అవి ఒకటే జన్యువు కావు. ఒకే వీధిలోని వేరువేరు ఇళ్ళ వంటివి. ఎం.ఎస్. రోగుల దగ్గరి బంధువులలో ఈ తరహా వ్యాధులు అధికమని 2000లో బ్రిటన్ సర్వే చెప్పగా, అటువంటి ఆధిక్యం లేదని 2007లో కెనడా అధ్యయనం తేల్చింది. కనుక ఒకటి ఉన్న ఇంట రెండవది వస్తుందని భయపడడం తగదు.

అయినా ఈ బంధుత్వాన్ని వైద్యునికి చెప్పి తీరాలి. కారణం మందులు. తీవ్రమైన సోరియాసిస్‌కు వాడే అడాలిముమాబ్, ఎటనర్‌సెప్ట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి సూదిమందులు కొందరిలో మైలిన్ పొరకు హాని కలిగించవచ్చు. అందువల్ల ఎం.ఎస్. ఉన్నవారికే కాక, తల్లిదండ్రులలో, తోబుట్టువులలో, పిల్లలలో ఎవరికైనా అది ఉన్నవారికి కూడా వీటిని సాధారణంగా ఇవ్వరు. వేరే మందులు ఉన్నాయి. అటు ఎం.ఎస్.కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ బీటా కొందరిలో సోరియాసిస్‌ను పెంచుతుంది. విచిత్రమేమిటంటే, జర్మనీలో 1994 నుండి సోరియాసిస్‌కు వాడుతున్న ఫ్యుమరేట్ల కుటుంబానికి చెందిన డైమిథైల్ ఫ్యుమరేట్ 2013లో అమెరికాలో ఎం.ఎస్.కు మందుగా ఆమోదం పొందింది.

బళ్ళారి వాసులకు ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 1953లో జిల్లా విడిపోయి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు చేరినా బంధుత్వాలు విడిపోలేదు. ఇక్కడ చర్మవైద్యుని వద్దకు వెళ్ళే తమ్ముని అక్క ఆదోనిలో కాపురముండవచ్చు. ఆమె వైద్యపు కాగితాలు ఇక్కడి ఆసుపత్రికి తెలియవు. పైగా ఇంట్లో ఆ జబ్బుకు "నరాల బలహీనత" అన్న పేరే ఉంటుంది. పిల్లల సంబంధాలు చెడతాయన్న వెరపుతో కొందరు అదీ చెప్పరు. అటువంటప్పుడు అక్కగారి చీటీని, స్కానింగు నివేదికను ఫోనులో ఫోటో తెప్పించుకొని, సూదిమందు మొదలుపెట్టక మునుపే వైద్యునికి చూపాలి. ఇప్పటికే మందు నడుస్తుంటే తమంతట తాము ఆపక, వెంటనే ఆయనకు తెలియజేయాలి.