వెళ్లేవాళ్ల లెక్కతోనే వచ్చే ఏటి జట్టు

డిగ్రీ కాలేజీ అమ్మాయిల వాలీబాల్ జట్టులో ఎంత గొప్ప ప్లేయరైనా ఉండేది మూడేళ్లే. ఈ సంగతి ఫిజికల్ డైరెక్టర్లందరికీ (పీడీలకు) తెలుసు. అయినా చాలా కాలేజీల్లో జట్టు తయారయ్యే పద్ధతి ఒకటే. అడ్మిషన్లు ముగిశాక నోటీసు బోర్డు మీద 'వాలీబాల్ సెలక్షన్స్, సాయంత్రం నాలుగింటికి గ్రౌండులో' అని కాగితం అంటిస్తారు. వచ్చినవాళ్లలో పన్నెండు మందిని ఏరి ఇంటర్ కాలేజియేట్‌కి తీసుకెళ్తారు. ఒక ఏడాది కప్పు వస్తుంది, మరుసటి ఏడాది మొదటి మ్యాచ్‌లోనే తిరుగు ప్రయాణం. టైం బాగాలేదని సరిపెట్టుకుంటారు. అసలు సంగతి వేరు. కప్పు గెలిచిన ఏడాదే సెట్టర్, మెయిన్ అటాకర్ ఫైనలియర్‌లో ఉన్నారు. వాళ్ల తర్వాత ఎవరు అని అప్పుడే అడిగి ఉంటే ఈ దెబ్బ తప్పేది.

కొత్తగా పీడీగా చేరినవాళ్లు, కాంట్రాక్టు మీద పనిచేస్తూ ఒంటిచేత్తో పది ఆటలు చూసుకుంటున్నవాళ్లు ఈ పని ఎలా మొదలుపెట్టాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, కొన్ని ఫోన్ కాల్స్, కాస్త ముందుచూపు ఉంటే చాలు.

ముందు ఒక కాగితం గీయండి

ఎడమవైపు పొజిషన్లు ఒకదాని కింద ఒకటి రాయండి: సెట్టర్, యూనివర్సల్, అటాకర్, సెంటర్ బ్లాకర్, లిబరో. పైన ఫస్టియర్, సెకండియర్, ఫైనలియర్ అని మూడు గళ్లు. ఇప్పుడున్న పన్నెండు మందినీ వాటిలో నింపండి.

ఒక జట్టును ఊహించుకుందాం. ఇద్దరు సెట్టర్లూ ఫైనలియర్. యూనివర్సల్ ఒక్కతే, సెకండియర్. అటాకర్లు నలుగురు: ఒకరు ఫైనలియర్, ఇద్దరు సెకండియర్, ఒకరు ఫస్టియర్. సెంటర్ బ్లాకర్లు ముగ్గురు, ఏడాదికొకరు. లిబరోలు ఇద్దరిలో ఒకరు సెకండియర్, ఒకరు ఫస్టియర్. మొత్తం మీద చూస్తే ఈ ఏడు పోయేది నలుగురే, ఎనిమిది మంది మిగులుతున్నారు కదా అని ధైర్యంగా ఉంటుంది. అదే కాగితాన్ని అడ్డంగా, వరుస వరుసగా చదవండి. వచ్చే జూన్‌కి సెట్టర్ అనేవాళ్లే ఉండరు. ఆ తర్వాతి జూన్‌కి యూనివర్సల్, ఇద్దరు అటాకర్లు, ఒక సెంటర్, ఒక లిబరో పోతారు. ఇవాళ్టి పన్నెండు మందిలో అప్పటికి మిగిలేది ముగ్గురు.

ఇక వచ్చే జూన్‌లో ఎవరు కావాలో కాగితమే చెబుతుంది: ఇద్దరు సెట్టర్లు, యూనివర్సల్ వెనక ఏడాది నేర్చుకునే అమ్మాయి ఒకరు, ఒక సెంటర్ లేదా అటాకర్. అన్నిటికన్నా ముందు సెట్టర్. 'మంచి ప్లేయర్లు కావాలి' అని వెతికితే ఎవరూ దొరకరు. 'చేతి పని ఉన్న సెట్టర్ కావాలి' అని వెతికితే దొరుకుతుంది.

పక్కన పెన్సిల్‌తో ఇంకో గడి గీసి 'అనుకోనివి' అని రాయండి. పెళ్లి కుదరడం, మోకాలి దెబ్బ, తండ్రి ఉద్యోగం వేరే ఊరికి మారడం, బ్యాక్‌లాగులు. ఏటా ఇలా ఒకరిద్దరు తగ్గుతారనే లెక్కతోనే ఉండాలి. అది ఆ అమ్మాయి మీద అపనమ్మకం కాదు, జట్టు పట్ల జాగ్రత్త.

సెట్టర్ సంగతి ముందే చూడాలి

పొడవు, దూకుడు ఉన్న అమ్మాయిని ఒక సీజన్‌లో పనికొచ్చే అటాకర్‌గా దిద్దవచ్చు. సెట్టర్ అలా తయారవదు. దాదాపు ప్రతి ర్యాలీలో రెండో బంతి ఆమెదే. పాస్ ఎటు వచ్చినా దాని కిందికి చేరాలి, అవతలి బ్లాకర్లు ఎటు కదులుతున్నారో ఓరకంట చూడాలి, ఇవాళ మనవాళ్లలో ఎవరి చెయ్యి బాగా ఆడుతోందో గుర్తుండాలి. ఇదంతా మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది. అందుకే మీ మూడు బ్యాచ్‌లలో కనీసం రెండింటిలో సెట్టర్ ఉండాలి. ఒకరు ఆడుతుంటే ఒకరు పక్కన ఉండి నేర్చుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. అమెరికా కాలేజీ మ్యాచ్‌ల వీడియోలు చూసి ఇద్దరు సెట్టర్లను మార్చి మార్చి ఆడించే పద్ధతి పట్టుకోవాలని కొందరు కోచ్‌లు ఉబలాటపడుతున్నారు. అక్కడి ఎన్‌సీఏఏ మహిళల ఆటలో ఒక సెట్‌కి 15 సబ్‌స్టిట్యూషన్లు ఉన్నాయి. సెట్టర్ ముందు వరుసలోకి వచ్చిన ప్రతిసారీ ఆమెను తీసి అటాకర్‌ను దింపుతారు, ఎప్పుడూ ముగ్గురు కొట్టేవాళ్లు ముందుంటారు. మనం ఆడే ఎఫ్‌ఐవీబీ (అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య) నిబంధనల్లో సెట్‌కి ఆరే సబ్‌స్టిట్యూషన్లు. మొదట దిగిన అమ్మాయి బయటికి వెళ్తే ఆ సెట్‌లో ఒక్కసారే తిరిగి రాగలదు, అదీ తన స్థానంలోకే. అంటే ఆ మార్పిడి మనకు సెట్‌కి ఒక్కసారే చెల్లుతుంది. కాబట్టి ఆరు రొటేషన్లూ కోర్టులో నిలబడే సెట్టర్ కావాలి. మూడు రొటేషన్లలో ఆమె ముందు వరుసలో ఉంటుంది. అప్పుడు అవతలి అటాకర్‌కి ఎదురుగా బ్లాక్‌కి లేవాల్సిందీ ఆమే. ఇద్దరు సెట్టర్లు చేతి పనిలో సమానమైతే పొడుగ్గా ఉన్న అమ్మాయిని తీసుకోండి.

లిబరోను 1998లో నిబంధనల్లోకి తెచ్చాక పొట్టి అమ్మాయిలకు మంచి దారి దొరికింది. పొడవు చాలదని స్కూల్లో పక్కన పెట్టిన పిల్లల్లో కాళ్ల చురుకున్నవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లను వదులుకోకండి.

ఎప్పుడు, ఎక్కడ వెతకాలి

తెలంగాణలో దోస్త్, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ అడ్మిషన్లు వచ్చాక ఒక సంగతి స్పష్టమైపోయింది. అమ్మాయి వెబ్ ఆప్షన్లలో మీ కాలేజీ పేరు పెట్టకపోతే, సీట్లు కేటాయించాక మీరు చేయగలిగింది పెద్దగా ఉండదు. ఇంటర్ ఫలితాలు వచ్చాక ఫోన్ చేస్తే ఆలస్యమైనట్టే. ఆ ముందటి చలికాలానికల్లా మీ జాబితా సిద్ధంగా ఉండాలి.

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ అండర్-19 జిల్లా సెలక్షన్స్‌లో కనిపించేవాళ్లు వచ్చే ఏడాదో ఆపై ఏడాదో రావాల్సినవాళ్లు. అండర్-17లో కనిపించేవాళ్లు ఆ తర్వాతివాళ్లు. రెండింటికీ వెళ్లండి, రెండు జాబితాలు విడిగా రాసుకోండి. గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు, సంక్రాంతికి ఊళ్లలో జరిగే టోర్నమెంట్లు కూడా చూడాలి. మీరు వెళ్లలేని చోట మీకు కళ్లు స్కూళ్లలోని వ్యాయామ ఉపాధ్యాయులే (పీఈటీలే). తొమ్మిదో తరగతిలో ఆ పిల్ల చేతికి బంతి ఇచ్చిన పీఈటీ సార్‌ని, మేడంని పేరుపేరునా తలచుకోండి. ఆ అమ్మాయి మీ కాలేజీ తరఫున గెలిస్తే వాళ్లకే మొదట ఫోన్ చేయండి. మీ ఫోన్ కోసం ఎదురుచూసే పీఈటీ మండలానికి ఒకరున్నా మీకు చాలు.

అమెరికాలో డివిజన్-1 కోచ్ ఒక అమ్మాయితో నేరుగా మాట్లాడాలంటే ఆమె పదో తరగతి ముగిశాక వచ్చే జూన్ 15 దాకా ఆగాలి. ఇక్కడ అలాంటి తేదీ ఉన్నా లేకపోయినా, ఆ మర్యాద మనమే పెట్టుకోవాలి. మొదట పీఈటీతో, తర్వాత తల్లిదండ్రులతో, వాళ్ల ఎదుటే అమ్మాయితో మాట్లాడండి. పిల్ల ఫోన్‌కి నేరుగా మెసేజ్‌లు పెట్టవద్దు. ఈ ఒక్క నియమం మీ పేరునూ, ఆ పిల్లనూ కాపాడుతుంది.

చూసేటప్పుడు ఏం చూడాలి

రిఫరీ స్టాండ్ పక్కన నిలబడితే స్మాష్‌లే కనిపిస్తాయి. ఎండ్ లైన్ వెనక్కి వెళ్లండి. సెట్టర్‌ని చూస్తున్నారంటే మంచి పాస్‌ల సంగతి వదిలేయండి. బంతి మూడు మీటర్ల గీత దాటి వెనక్కి పడబోతున్నప్పుడు ఆమె పాదాలు చూడండి. చేతులు ముందు చాచి, నడుము వంచి అందుకుంటోందా, రెండడుగులు ముందే వేసి బంతి కిందికి చేరి నిలదొక్కుకుంటోందా? రెండోదైతే ఆమె పేరు రాసుకోండి. వేళ్ల పట్టు తర్వాత నేర్పవచ్చు.

అటాకర్‌కి సుద్దముక్క పరీక్ష చాలు. గోడ దగ్గర నిలబెట్టి చెయ్యి ఎత్తించి గీత పెట్టండి, తర్వాత అప్రోచ్ తీసుకుని ఎగిరించి ఇంకో గీత పెట్టండి. అమ్మాయిల నెట్ ఎత్తు 2.24 మీటర్లు. ఎగిరినప్పుడు అరచెయ్యి దాని పైన ఎంత మేరకు వెళ్తోందో అదే అసలు కొలత. ఇంటర్‌కి వచ్చిన అమ్మాయి ఇంకా పొడవు పెరుగుతుందని లెక్క వేసుకోకండి. చాలామంది అమ్మాయిల ఎదుగుదల ఆ వయసుకి దాదాపు పూర్తవుతుంది. ఎగిరే ఎత్తు మాత్రం పెంచవచ్చు.

ఓడిపోతున్న మ్యాచ్ ఒకటైనా చూడండి. పక్కమ్మాయి పాస్ తప్పినప్పుడు మొహం తిప్పుకుంటోందా, వెళ్లి చెయ్యి కలుపుతోందా? బెంచ్ మీద కూర్చోబెడితే ఆట చూస్తోందా, లేదా? హాస్టల్లో మూడేళ్లు కలిసి బతకాల్సిన పిల్లలు వీళ్లు.

ఇంటి గడప దగ్గర

"ఆటలాడితే చదువేం గాను సార్?" అని తండ్రి అడుగుతాడు. "ఎండలో నల్లబడిపోతది మేడం" అని తల్లి అంటుంది. ఆ మాటలను కొట్టిపారేయకండి, వాళ్ల భయమేమిటో వినండి. తర్వాత నాలుగు విషయాలు కాగితం మీద రాసి ఇవ్వండి: ప్రాక్టీస్ ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుంది, హాస్టల్ ఎక్కడ, ఊరు దాటి వెళ్లినప్పుడు వెంట వచ్చే మహిళా స్టాఫ్ ఎవరు, పరీక్షల సమయంలో మ్యాచ్ పడితే కాలేజీ ఏం చేస్తుంది. నాలుగోదానికి ప్రిన్సిపాల్ సంతకం తీసుకుని మరీ వెళ్లండి.

ఉద్యోగం వస్తుందని మాట ఇవ్వకండి. ఉన్న దారి మాత్రం ఉన్నట్టు చెప్పండి. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో తన యూనివర్సిటీ తరఫున ఆడిన ప్లేయర్‌కి అర్హత ఉంటుంది. దానికి యూనివర్సిటీ స్పోర్ట్స్ డైరెక్టర్ లేదా డీన్ ఇచ్చే ఫారం-3 సర్టిఫికెట్ కావాలి. రైల్వేలు వాలీబాల్ ప్లేయర్లను తీసుకుంటాయి. బీపీఈడీ చేసి పీఈటీ కావచ్చు. ఇంతవరకు చెబితే చాలు, నమ్మకం దానంతటదే కుదురుతుంది.

వచ్చినవాళ్లు నిలవాలంటే

మొదటి వారంలోనే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. 'ఈ పిల్లకి స్టామినా లేదు' అని మనం తేల్చేసేవాళ్లలో ఎందరికి కావాల్సింది ఐరన్ మాత్రలూ, కడుపునిండా తిండీనో! గట్టి నేల మీద రోజూ వందల జంప్‌లు చేయిస్తే మోకాళ్లు నిలవవు. వారంలో రెండు రోజులు ఎగురుడు లేని ప్రాక్టీస్ పెట్టండి. దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా దిగడం మొదటి నెలలోనే నేర్పండి.

కాగితాలూ అంతే ముఖ్యం. యూనివర్సిటీల పోటీలు నడిపే ఏఐయూ వయసు పరిమితి 17 నుంచి 25 ఏళ్లు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, బోనఫైడ్, ఫొటోలు అడ్మిషన్ రోజే ఒక ఫైల్లో పెట్టండి. సౌత్ జోన్ యూనివర్సిటీ పోటీలకు బయల్దేరే ముందు రోజు మెమో కోసం ఊరికి పరిగెత్తే అవస్థ ఏ పిల్లకీ వద్దు. హాజరు సంగతి నెలనెలా చూడండి. మ్యాచ్‌లకు వెళ్లిన రోజుల ఓడీ లెటర్లు హెచ్ఓడీలకు మీరే స్వయంగా అందించండి.

మొదలుపెట్టాల్సింది ఫైనలియర్ దగ్గర

రిక్రూట్‌మెంట్ అంటే కొత్తవాళ్లను తేవడమే అనుకుంటాం. నా అనుభవంలో అది వెళ్లేవాళ్ల దగ్గరే మొదలవుతుంది. జాతీయ మహిళల వాలీబాల్‌లో ఏళ్లుగా కేరళ, రైల్వేస్ జట్లదే పైచేయి. రైల్వేస్ తరఫున ఆడినవాళ్లలోనూ కేరళ అమ్మాయిలు ఎందరో. అక్కడ స్పోర్ట్స్ కౌన్సిల్ హాస్టళ్లు, చంగనాస్సేరిలోని అసంప్షన్ లాంటి కాలేజీలు, ఆపైన రైల్వే ఉద్యోగం. ఈ మెట్లన్నీ కంటికి కనిపిస్తాయి కాబట్టే స్కూలు పిల్లను ఇంట్లోవాళ్లు గ్రౌండుకి పంపుతారు.

మన కాలేజీలోనూ ఆ పని చేయవచ్చు. డిసెంబరులో ఫైనలియర్ అమ్మాయిలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఎంఏనా, బీపీఈడీనా, ఉద్యోగమా, ఇంట్లో ఏమనుకుంటున్నారని అడగండి. ఆమె సర్టిఫికెట్లన్నీ జూన్‌లోపు చేతికందేలా చూడండి. నోటిఫికేషన్లు వస్తే పంపండి. ఆమె ఊరి పీఈటీకి ఆమె సంగతి చెప్పండి. మీరు బదిలీ అయినా, కాంట్రాక్టు ముగిసినా ఆ నోటుబుక్కు తర్వాతి పీడీ చేతిలో పెట్టి వెళ్లండి. అది మీ సొంత ఆస్తి కాదు, ఆ పిల్లలది.

ఈ వారమే కాగితం గీయండి. కానీ మొదట నింపాల్సింది ఫైనలియర్ గడి. ఒక్కొక్క పేరు పక్కన 'తర్వాత ఎక్కడికి' అని రాసి, దానికి జవాబు దొరికేదాకా వెంటపడండి. తమ ఊరి అమ్మాయి మీ కాలేజీకి వెళ్లి డిగ్రీ పూర్తి చేసి, ఒక దారిలో పడిందని తెలిస్తే, మీరు వెతుకుతున్న సెట్టర్‌ని ఆ ఊరి తల్లిదండ్రులే తీసుకొస్తారు.