అప్పులవాడు గుమ్మములో నిలిచినప్పుడు

చదువవలసిన భాగములు: 2 రాజులు 4:1–7, నెహెమ్యా 5:1–13



1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు మన గోదావరి సీమ అన్నపూర్ణ యని పేరు పొందినది. అయినను కౌలుకు చేసికొని, ఎరువులు అరువు తెచ్చి, కోతల వేళ తుఫానుకు చేను మునిగినవాని యింట గింజ మిగులదు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానులో కోనసీమ కొబ్బరి చెట్లు కూలినప్పుడు ఎందరి ఆశలు కూలెనో పెద్దలకు జ్ఞాపకమే. పాత బాకీ తీరదు. క్రొత్త అప్పు పుట్టదు. పరపతి పోయినదని బ్యాంకువారు త్రిప్పి పంపుదురు. ఇట్టివారికి వాక్యము ఏమి మార్గము చూపుచున్నది?

1. ఆమె దాచుకొనలేదు

ప్రవక్తల శిష్యులలో ఒకడు అప్పు మిగిల్చి చనిపోయెను. అతడు దైవభక్తి గలవాడే. కావున అప్పుపడిన ప్రతివానిని దుర్వ్యసనపరుడని సంఘము తీర్పు తీర్చరాదు. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా కొనిపోవ వచ్చియున్నాడు. ఆమె తలుపు వేసికొని యేడ్చుచు కూర్చుండక ఎలీషాయొద్దకు పోయి ఉన్నదున్నట్లు చెప్పెను.

మనలో అనేకులు పరువునకు వెరచి భార్యకైనను చెప్పరు. 2022 సెప్టెంబరులో మన రాజమహేంద్రవరములోనే, ఫోను యాప్‌లో తీసికొన్న అప్పు విషయమై వచ్చిన బెదరింపులకు తాళలేక ఒక దంపతులు ప్రాణములు తీసికొనిరి. వారి బిడ్డలు మిగిలిపోయిరి. అప్పు ఎంత పెద్దదైనను ప్రాణముకంటె పెద్దది కాదు. మొదట ఇంటివారితో, పిమ్మట నమ్మకమైన యొక పెద్దతో చెప్పుడి. మనస్సు కృంగి చావు తలంపు వచ్చిన వేళ 14416కు ఫోను చేసినయెడల ఏ వేళనైనను తెలుగులో మాటలాడువారున్నారు.

2. ఇంట ఉన్నదానిని లెక్కించుట

ప్రవక్త వెంటనే డబ్బు తీసి యియ్యలేదు. ఆమె యింట ఉన్నదానిని గూర్చి అడిగెను. ఉన్నది నూనె కుండ ఒకటే. ఒక కాగితముమీద అసలు, కట్టిన వడ్డీ, మిగిలిన బాకీ వ్రాయుడి. ప్రక్కన ఇంటనున్నవి వ్రాయుడి: పాడిగేదె, గాదెలోని ధాన్యము, కొబ్బరి దింపు, రావలసిన కూలి, కాసు బంగారము. బంగారము కుదువపెట్టినచో బ్యాంకుగాని సహకార సంఘముగాని ముఖ్యముగా వస్తువునే చూచును. పాత పరపతి చెడియున్నను సాధారణముగా అప్పు దొరకును. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినదే రైతును వడ్డీవ్యాపారి చేతినుండి విడిపించుటకు. కౌలుదారులకు 2019నాటి రాష్ట్ర చట్టము ప్రకారము, భూయజమాని సంతకముతో, 11 నెలల సాగు హక్కు పత్రము లభించును. అది పంట రుణము అడుగుటకు ఆధారము.

3. తొందరలో తట్టకూడని తలుపులు

నెలకు నూటికి ఐదు రూపాయల వడ్డీకి 20,000 తెచ్చినవాడు ఏడాదికి 12,000 వడ్డీయే కట్టును. అసలు అట్లే యుండును. నూటికి రూపాయి చొప్పునైనచో 2,400 మాత్రమే.

రోజువారీ అప్పు లెక్క ఇంకను మోసకరము. పదివేలకు నోటు వ్రాయించుకొని, 8,500 చేతికిచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేయుదురనుకొనుడి. వడ్డీ 1,500 మాత్రమే గదా యనిపించును. కాని అసలు ప్రతిదినము తరుగుచున్నది గనుక, లెక్క వేసినచో అది నెలకు నూటికి దాదాపు పది రూపాయలు!

ఫోనులోని పేర్లు, ఫోటోలు చూచుటకు అనుమతి అడుగు యాప్‌ను తాకకుడి. అది మిమ్మును మోసగించి డబ్బు లాగినచో 1930కి తెలుపుడి. రుణము ఇప్పించుటకు ముందుగా రుసుము అడుగువానిని నమ్మకుడి. ఒకరి బాకీకి మరియొకరు పూటపడుట విషయమై సామెతలు 6:1–5 చదువుడి.

4. అప్పులవానితో సమాధానపడుట

మత్తయి 5:25లో ప్రభువు త్రోవలోనుండగనే సమాధానపడుమని బోధించెను. తప్పించుకొని తిరుగకుడి. పెద్దలను వెంటబెట్టుకొని పోయి, నెలకు ఇంత కట్టగలనని చెప్పి వాయిదా అడుగుడి. కట్టినదానికి రసీదు తీసికొనుడి. 1987నాటి న్యాయసేవల చట్టము క్రింద నడుచు లోక్ అదాలతులో కోర్టు రుసుము లేకుండ రాజీ కుదుర్చుకొనవచ్చును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని ఉచిత న్యాయ సహాయము కలదు.

5. సంఘము చేయవలసినది

విధవరాలి పొరుగువారు డబ్బు ఇయ్యలేదు, వట్టి పాత్రలిచ్చిరి. అదియే చాలెను. మనలో ఒకడు బ్యాంకుకు తోడుగా పోవచ్చును. ఒకడు లెక్క వ్రాసి యియ్యవచ్చును. ఒకతె తన పొదుపు సంఘములో మాట సాయము చేయవచ్చును.

మనలో వడ్డీకి ఇచ్చువారును గలరు. నెహెమ్యా కాలమున పొలములు, ద్రాక్షతోటలు తాకట్టుపడెను. అచ్చట చెప్పబడిన నూరవ భాగము నెలకు నూటికి ఒకటి యని పలువురు వ్యాఖ్యానింతురు. దానినే మానుమని నెహెమ్యా గద్దించెను. ఐదు, పది తీసికొనుచు బల్లయొద్దకు వచ్చువారు ఏమి జవాబు చెప్పుదురు?

చివరకు ప్రవక్త చెప్పిన క్రమమును గమనించుడి. నూనె అమ్మి మొదట అప్పు తీర్చవలెను, మిగిలినదానితో బ్రదుకవలెను. చెడిన పరపతి ఒక్కనాట తిరిగి రాదు; తప్పని వాయిదాలచేతనే వచ్చును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింటి బాకీ మొత్తము ఇంటివారందరికి తెలియునా?
2. మన సంఘములో అప్పుచేత ఆరాధనకు రాక దాగియున్నవారెవరు?
3. ఈ నెలలో మనము ఏ వట్టి పాత్రను ఎవరికి ఇయ్యగలము?

ప్రార్థన: ప్రభువా, భారము మోయువారికి నోరు తెరచు ధైర్యమును, మాకు వినెడు చెవిని దయచేయుము. ఆమేన్.