మన ఊరి పటం - మన నీళ్ళ లెక్క

నల్లమాడ కరువు సీమ. 2022 ఏప్రిల్ దాకా నల్లమాడ అనంతపురం జిల్లాలో ఉండేది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారింది. కరువు మాత్రం పోలేదు. ఈ సీమలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఒక ఏడు పడితే ఒక ఏడు పడదు. అందుకే అందరి చూపూ బోరు మీదనే.

ఒక ఇంటి సంగతి చూద్దాం. ఇట్లాంటి ఇల్లు ఏ పల్లెలోనైనా ఉంటుంది. ఆ ఇంట్లో రెండు బోర్లు వేశారు. మొదటిది మూడేళ్ళు పోసి ఎండిపోయింది. రెండోదానిలో నీళ్ళే పడలేదు. దుమ్ము లేచింది. ఇప్పుడు కొడుకు మూడో బోరు వేస్తానంటున్నాడు. పాయింటు పెట్టే ఆయన వచ్చాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. ఒక చోట ఆగి, "ఇక్కడ నీళ్ళున్నాయి" అని చెప్పి పోయాడు. చేతిలో డబ్బు లేదు. కోడలి మెడలో గొలుసు ఉంది.

అత్త అడిగింది: "నేల కింద నీళ్ళు యాడుండేదీ ఆ టెంకాయకు ఎట్లా తెలుస్తాదే?"

కోడలు చెప్పింది: "టెంకాయకు తెలీదత్తా. ఊరికి తెలుస్తాది. ఊరిని అడగల్ల."

ముగ్గుపిండితో పటం

ఊరిని అడగడం ఎట్లా? ఊరి పటం గీయాలి.

పొదుపు సంఘం ఆడవాళ్ళు చావడి ముందు చేరారు. నేల ఊడ్చి నీళ్ళు చల్లారు. ముందుగా తూర్పు ఎక్కడో గుర్తు పెట్టుకున్నారు. ముగ్గుపిండితో గుడి, బడి, దారి గీశారు. బూడిదతో గుట్ట గీశారు. పసుపుతో వంక, చెరువు గీశారు. తర్వాత ఎవరి బోరు ఎక్కడుందో వాళ్ళే చూపించారు. నీళ్ళున్న బోరుకు పచ్చని ఆకు పెట్టారు. ఎండిన బోరుకు బొగ్గుముక్క పెట్టారు.

అంతా అయ్యాక లేచి నిలబడి చూశారు. గుట్ట పక్కనంతా బొగ్గులే. చెరువు దిగువన, వంక వెంబడి మాత్రం ఆకులున్నాయి. కోడలు తమ చేను చూసుకుంది. దాని చుట్టూ ఐదు బొగ్గులున్నాయి. ఎవరి బోరు సంగతి వాళ్ళకు ఇంతకు ముందూ తెలుసు. అన్నిటినీ ఒక్క చోట చూసింది మాత్రం ఆ రోజే. పటం చేసే మేలు ఇదే.

నడిచి చూడాలి

పటం గీస్తే చాలదు. అది నిజమో కాదో నడిచి చూడాలి. చూసి, అడిగి, కొలిచి రాసుకోవాలి. దీన్నే సర్వే అంటారు.

ఆడవాళ్ళు గుట్ట నుంచి వంక దాకా నడిచారు. ప్రతి బోరు దగ్గరా నాలుగు ప్రశ్నలు అడిగారు. బోరు ఎన్ని అడుగులు? ఏ సంవత్సరం వేశారు? ఎండాకాలం ఎన్ని గంటలు పోస్తుంది? దాని కింద ఏం పంట? చదువుకున్న కోడలు నోటు పుస్తకంలో రాసింది. బోరు ఎంత పోస్తుందో కూడా కొలిచారు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూశారు. 100 సెకన్లు పడితే ఆ బోరు సెకనుకు 2 లీటర్లు పోస్తున్నట్టు.

రాయి కింద ఏముంది?

మన నేల కింద గట్టి రాయి ఉంది. గట్టి రాతిలో నీళ్ళు నిలవవు. రాతి పైన మెత్తబడిన పొరలో, రాతి పగుళ్ళలో మాత్రమే ఉంటాయి. పగులు తగిలితే బోరు పోస్తుంది. తగలకపోతే దుమ్ము లేస్తుంది. ఒకే పగులు మీద నాలుగు బోర్లు వేస్తే, ఒకే కుండలో నాలుగు చెంబులు ముంచినట్టే.

పెద్ద పగుళ్ళు పైనుంచి చూస్తే గీతల్లాగా కనిపిస్తాయి. 1988 లో మన దేశం ఒక ఉపగ్రహాన్ని పంపింది. అది దాదాపు 900 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ భూమి ఫొటోలు తీసింది. తర్వాత ఇంకా చాలా పంపారు. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం వాళ్ళు ఆ ఫొటోలు చూసి భూగర్భ జలాల పటాలు తయారు చేశారు. నీళ్ళు ఎక్కడ ఉండవచ్చో ఆ పటాలు చెబుతాయి. తప్పకుండా ఉంటాయని చెప్పవు. ఏ బావి ముందు ఎండుతుందో పై నుంచి కనిపించదు. అది ఊళ్ళో నీళ్ళు మోసే ఆడవాళ్ళకు తెలుసు. రెండూ కలిస్తేనే సరైన పటం.

ఇది జరిగిన పనే

2003 లో మన రాష్ట్రంలో ఒక పథకం మొదలైంది. రైతులే భూగర్భ జలాలను చూసుకోవాలన్నది దాని ఉద్దేశం. అనంతపురంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో, 600 కు పైగా పల్లెల్లో అది నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయం చేసింది. ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసి బోర్లలో నీటి మట్టం కొలిచారు. వాన కొలిచారు. ఆ అంకెలను అందరికీ కనబడేట్టు గోడ మీద రాశారు. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని లెక్క వేసుకున్నారు. ఉన్న నీళ్ళెన్ని? వేయబోయే పంటకు కావలసినవెన్ని? ఎవరూ ఎవరినీ బలవంతం చేయలేదు. లెక్క చూసుకుని చాలామంది వరి తగ్గించారు.

ఆ లెక్క కష్టమేమీ కాదు. ఎకరం మీద 1 మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4,000 లీటర్లు. 550 మిల్లీమీటర్లు పడితే 22 లక్షల లీటర్లు. కానీ అందులో ఎక్కువ భాగం పారిపోతుంది, ఆవిరైపోతుంది. నేలలోకి దిగేది కొంచెమే. వరికి చెనిక్కాయ కంటే రెండింతలకు పైగా నీళ్ళు కావాలి.

అత్త ఇదంతా విని అంది: "గాదెలో గింజలు చూసుకునే కదా చుట్టాలను పిలుస్తాము. నీళ్ళూ అంతే."

ఆ రాత్రి కోడలు పటాన్ని కాగితం మీద దించింది. మొగుని ముందు పెట్టింది. అతను ఐదు చుక్కలను వేలితో తాకి చూశాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"అయితే బోరు వద్దంటావా?" అని అడిగాడు.

"వద్దనలేదు. ఈ ఐదింటి నడుమ వద్దంటా. దుడ్లు పోసేముందు భూగర్భ జల శాఖ వాళ్ళ దగ్గర చూపించుకుందాము."

ఆ ఏడు బోరు లారీ రాలేదు. చేనులో చెనిక్కాయ, నడుమ కంది సాళ్ళు వేశారు. గొలుసు కోడలి మెడలోనే ఉంది.

కొత్త మాటలు

పటం: ఊరిని చిన్నదిగా గీసిన బొమ్మ
సర్వే: చూసి, అడిగి, కొలిచి రాసుకోవడం
భూగర్భ జలం: నేల కింద ఉండే నీళ్ళు
నీటి మట్టం: బోరులో నీళ్ళు ఎంత లోతున ఉన్నదీ తెలిపే కొలత

చెప్పండి

1. గుట్ట పక్కన బొగ్గులే ఎందుకు ఎక్కువగా ఉన్నాయి?
2. ఉపగ్రహానికి తెలియనిది ఊరి ఆడవాళ్ళకు ఏం తెలుసు?
3. 2002 లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. మీ ఊళ్ళో అట్లా జరుగుతున్నదా?

చేసి చూడండి

మీ సంఘం అంతా కలిసి ముగ్గుపిండితో మీ ఊరి పటం గీయండి. ఎన్ని ఆకులు, ఎన్ని బొగ్గులు వచ్చాయో లెక్కపెట్టి రాయండి. దాని కింద మీ పేర్లు రాయండి.